కాల్షీటు లేని హీరోలు

మన సినిమాల్లో సాఫ్ట్‌వేరు ఇంజనీరును మీరు ఎన్నిసార్లు చూసి వుంటారు? అద్దాల మేడ, మెడలో ట్యాగు, చేతిలో కాఫీ కప్పు. రెండో సీనులో లిఫ్టులో హీరోయిన్ ఎదురవుతుంది. మూడో సీనులో ఇద్దరూ స్విట్జర్లాండులో వుంటారు! ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా ఆ మహానుభావుడు మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చోడు. విలన్‌గారి రహస్యాలు లాగాల్సి వస్తే మాత్రం టకటకమని పది మీటలు నొక్కుతాడు. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వానలా కురుస్తాయి. పని అయిపోతుంది. హాల్లో ఈలలే ఈలలు!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇరవై యేళ్ళకు పైబడి ఆ పనే చేస్తున్నవాణ్ణి కనుక మనవి చేసుకుంటున్నాను. మా పనిలో ఆకుపచ్చ వాన కురవదు. లిఫ్టులో ఎదురయ్యేది మేనేజరు. ఇక స్విట్జర్లాండు అంటారా... అక్కడి క్లయింటు మాత్రం రాత్రి పదిన్నరకి ఫోన్లోకి వస్తాడు.

ఎప్పుడూ సినిమా కబుర్లే చెప్పుకుంటాం గదా, ఈ వారం వుద్యోగం కబుర్లు కూడా కలుపుతున్నాను. మీలో చాలామంది రేపోమాపో ఈ గుంపులో చేరబోయేవాళ్ళే మరి!

మాది చిక్కడపల్లి. ఇంట్లోంచి బయల్దేరి ఒకవైపు నడిస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్సు, రెండోవైపు నడిస్తే నారాయణగూడ, వెనక సందుల్లోంచి పోతే అశోక్ నగర్. క్రాస్ రోడ్సులో సినిమాహాళ్ళు, నారాయణగూడలో కాలేజీలు, అశోక్ నగర్‌లో కోచింగు సెంటర్లు. కుర్రకారుకి కావలసిన మూడూ ఒక్క మైలులో దొరికే చోటు హైద్రాబాదులో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. సినిమా, చదువు, వుద్యోగం మీద ఆశ!

శుక్రవారం సంగతి

ముందు మా పని ఏమిటో చెప్పాలి. సాఫ్ట్‌వేరు అంటే కొత్తగా ఏదో సృష్టించడం అనుకుంటారు. కొంతమంది అదృష్టవంతులు సృష్టిస్తారు. మిగతావాళ్ళం ఎవరో పదేళ్ళ కిందట రాసి వెళ్ళిపోయిన దాన్ని చదువుకుంటూ, ఎక్కడ చినిగిందో చూసి అతుకు వేస్తుంటాం. రాసినవాడు అమెరికాలో ఇల్లు కట్టుకుని వుంటాడు. 'ఈ లైను ముట్టుకోవద్దు' అని ఒక ముక్క రాసి వుంచుతాడు. ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం చెప్పడు. ముట్టుకుంటే తెలుస్తుంది!

మాకూ సినిమావాళ్ళకూ ఒక పోలిక వుంది. మేమూ 'విడుదల' అనే అంటాం. ఒక తేడా కూడా వుంది. సినిమావాళ్ళకి శుక్రవారం విడుదల చేయడం ఆచారం. మావాళ్ళకి శుక్రవారం విడుదల చేయకూడదన్నది శాస్త్రం. ఎందుకంటే శుక్రవారం సాయంత్రం వదిలింది రాత్రికి పడిపోతే శని, ఆదివారాలు మన ఇంట్లో ఎవరూ మన మొహం చూడరు. శాస్త్రం తెలిసి కూడా శుక్రవారమే వదలమనే పెద్దమనుషులు ప్రతి ఆఫీసులోనూ వుంటారు. అదీ మా కథలో విలన్ పాత్ర.

సినిమాకీ మాకూ బంధుత్వం పోలికతోనే ఆగిపోలేదు. 2012లో 'ఈగ' చూసి మీరు వేసిన ఈలల్లో సగం కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి చెందాలి. ఆ చిత్రానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ బహుమతి మకుట సంస్థకి వచ్చింది. మరి 'లైఫ్ ఆఫ్ పై'? పడవలో ఆ పెద్దపులిని చూసి జడుసుకోనివాళ్ళు లేరు. ఆ పులిని కంప్యూటర్లో పుట్టించిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా కంపెనీకి మన హైద్రాబాదులోనూ స్టూడియో వుండేది. ఆ చిత్రంలో ఇక్కడి కుర్రాళ్ళ చేతిపని వుంది. 2013 ఫిబ్రవరిలో దానికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, ఆస్కార్ సభకు రెండు వారాల లోపే, ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది! బహుమతి అందుకున్నాయన వేదిక మీద కంపెనీ కష్టాల ప్రస్తావన తేగానే 'జాస్' సినిమా సంగీతం మోగించి ఆయన్ని దించేశారు.

ఎంత గొప్ప పని చేశామన్నది ఒక లెక్క, ఆ పని చేసినవాడి గతి ఏమిటన్నది వేరే లెక్క. రెండూ ఒకటే అనుకుని ఈ రంగంలోకి రాకండి.

తాళం వేసిన కేబిన్

సాఫ్ట్‌వేరు అనగానే అందరికీ మాదాపూర్ సైబర్ టవర్సు గుర్తొస్తుంది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించారు. కానీ హైద్రాబాదుకి కంప్యూటరు వచ్చింది అప్పుడు కాదు. 1967లో ఏ.ఎస్. రావు గారి సారథ్యంలో ఇ.సి.ఐ.ఎల్. పెట్టారు. టి.డి.సి.-12 అనే కంప్యూటరు అక్కడ తయారయింది. ఆనాటి కంప్యూటర్లు అలమారాలంతేసి వుండేవి. ఎంత భక్తిగల ఉద్యోగి అయినా దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోలేడు. గేటు దాటాడంటే పని గేటు లోపల వుండిపోయేది.

మా నాన్నగారు క్రాస్ రోడ్సులో ఒక హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాలు. రీలు చివర తెర పైమూల చిన్న చుక్క కనబడుతుంది. ఆ చుక్క చూసి రెండో ప్రొజెక్టరు అందుకోవాలి. క్షణం తప్పితే కింద నేల టిక్కెట్టువాళ్ళు ఆపరేటరు వంశాన్ని పేరుపేరునా తలుచుకునేవారు! కార్బను కడ్డీల వేడి, పొగ, చాలీచాలని జీతం. ఆయన పని సుఖమైందని నేను చెప్పను.

కాని ఒక్కటి. సెకండ్ షో అయ్యాక ఆయన కేబిన్‌కి తాళం వేసి వచ్చేవారు. ఆ తాళం వెనక రీళ్ళూ, ప్రొజెక్టరూ, మేనేజరూ అందరూ వుండిపోయేవారు. ఇంటికొచ్చింది మా నాన్న ఒక్కరే. అర్ధరాత్రి అన్నం తిని పడుకుంటే, రీలు తెగిందని ఆయన్ని ఎవరూ లేపలేదు.

నా కేబిన్‌కి తలుపు లేదు. అది నా జేబులో వుంటుంది, దిండు పక్కన వుంటుంది, పెళ్ళి పందిట్లో 'టింగ్' మంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి ఆఫీసును ఇంట్లోకి దింపింది. మా చిక్కడపల్లిలో పాతకాలపు రెండు గదుల పోర్షన్లలో భోజనం బల్ల మీదే మొగుడి ఆఫీసు, మంచం మీద పెళ్ళాం ఆఫీసు, వంటింటి గడప దగ్గర పిల్లల బడి! ఆ రోజుల్లో మా పక్కింటి కుర్రాడు అన్నం ముందు కూర్చుని పలక్కపోతే, వాళ్ళ ఐదేళ్ళ పాప అడిగింది: "నాన్నా, నువ్వు మ్యూట్‌లో వున్నావా?"

మేమంతా నవ్వాం. వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు.

తొంభై గంటల లెక్క

వారానికి డెబ్భై గంటలు పని చేయడానికి యువకులు సిద్ధపడాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు తొంభై అన్నారు, ఆదివారం కూడా కలిపి. పెద్దవాళ్ళు. వాళ్ళ కష్టంతోనే పైకి వచ్చారు, కాదనను. అయితే కాస్త లెక్క చూద్దాం. మా వుద్యోగం నేర్పిన విద్య అదొక్కటే గదా!

వారానికి 168 గంటలు. తొంభై పనికి. రోజుకి ఏడు గంటల నిద్ర అంటే 49. మిగిలినవి 29. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పెరేడ్ గ్రౌండు దగ్గర మారి, మాదాపూర్ వైపు పోయి రావడానికి, నడకతో కలిపి రోజుకి రెండున్నర గంటలు వేసుకోండి. ఆరు రోజులకి 15. మిగిలినవి 14. అంటే రోజుకి రెండు గంటలు! అందులోనే స్నానం, భోజనం, పెళ్ళాం, పిల్లలు, అమ్మకి మందులు, గ్యాసు బండ. ఒక్క తెలుగు సినిమా ఇంటర్వెల్‌తో కలిపి చూడాలన్నా ఆ రెండు గంటలు చాలవు. పోనీ పెళ్ళి చేసుకుందామన్నా పురోహితుడు మూడు గంటలు అడుగుతాడు.

సినిమా పరిశ్రమను చూడండి. అక్కడ కాల్షీటు అని ఒకటుంది. ఇన్ని గంటలు అని రాసి వుంటుంది. దాటితే అదనం అడుగుతారు. 2025లో రోజుకి ఎనిమిది గంటల షూటింగు విషయం పెద్ద చర్చే అయింది. దీపికా పదుకొణె 'స్పిరిట్'లో లేకపోవడానికి అదొక కారణమని పత్రికలు రాశాయి. అదే సంవత్సరం ఆగస్టులో మన తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనాల పెంపు అడిగి షూటింగులు ఆపారు. రెండు వారాలు దాటాక దశలవారీ పెంపుకి ఒప్పందం కుదిరింది. ఎవరిది ఎంత న్యాయం అన్న చర్చ నాకక్కర్లేదు. నేను గమనించింది ఇది: లైటు మోసే కుర్రాడు 'నా గంటలు ఇన్ని' అని పైకి చెప్పగలుగుతున్నాడు. ఏటా పాతిక లక్షలు తీసుకునే మావాడు ఆ మాట అనడానికి బాత్రూములోకి వెళ్ళి భార్యకి ఫోను చేస్తాడు!

ఎందుకంటే భయం. 2025 జులైలో టి.సి.ఎస్. సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. కృత్రిమ మేధ వచ్చి ప్రోగ్రాములు రాసేస్తోంది. నేనూ దానిచేత రాయిస్తున్నాను. బాగానే రాస్తుంది, కొన్నిసార్లు తప్పుని కూడా ఎంతో నమ్మకంగా రాస్తుంది. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకునేవాడికి పని వుంటుందని నా నమ్మకం. కానీ పట్టుకోవాలంటే బుర్ర పని చేయాలి. బుర్ర పని చేయాలంటే రాత్రి నిద్ర వుండాలి. పద్నాలుగు గంటలు కూర్చున్నవాడు యంత్రంతో పోటీ పడుతున్నాననుకుంటాడు. పాపం, యంత్రానికి నిద్ర రాదు, ఆ పందెంలో గెలిచేది అదే.

లివరుగారి ఫ్లాష్‌బ్యాక్

ఇక ఆరోగ్యం. హైద్రాబాదు సెంట్రల్ యూనివర్సిటీవాళ్ళూ, ఏ.ఐ.జి. ఆస్పత్రివాళ్ళూ కలిసి ఇక్కడి ఐ.టి. ఉద్యోగులను 345 మందిని పరీక్షించారు. ఆ పరిశోధన 2025లో అచ్చయింది. అందులో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని వుంది. 71 శాతం మందికి ఊబకాయం. వందలో ఎనభై నాలుగు! ఆ మార్కులు ఎంసెట్‌లో వస్తే ఇంటిల్లిపాదీ మిఠాయి పంచేవాళ్ళం.

తాగనివాడికి కూడా లివరు చెడుతుందా అని అడుగుతారు. చెడుతుంది. రోజంతా కూర్చోవడం, చక్కెర వేసిన టీలు ఆరు, రాత్రి పదకొండుకి పార్సిల్ బిర్యానీ, వెంటనే పడక. ఖర్చుకాని తిండిని ఒళ్ళు కొవ్వుగా దాచుకుంటుంది. కాలేయం కొన్నేళ్ళు నోరెత్తకుండా మోస్తుంది. మన పాత సినిమాల్లో కన్నాంబగారి తల్లి పాత్రలాగా! ఎత్తేసరికి ఆలస్యం అవుతుంది.

మా టీములో ముప్ఫైమూడేళ్ళ కుర్రాడు వుండేవాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. మనిషి బంగారం, పనిలో రాక్షసుడు. ఎవరికి ఏ కష్టం వచ్చినా 'నేను చూస్తలే అన్నా' అనేవాడు. ఒక నెలరోజులు వరసగా రాత్రిళ్ళు కూర్చున్నాడు. ఒకనాడు తెల్లవారుజామున నాకు ఫోను. ఆస్పత్రి నుంచి. ఛాతీలో నొప్పొస్తే వాళ్ళ తమ్ముడు ఆటోలో తెచ్చాడట. వాడు నాతో అన్న మొదటి మాట తన గుండె గురించి కాదు.

"అన్నా, సర్వరు పాస్‌వర్డు మార్చిన. నాకేమన్నయితే ఎవ్వరికీ తెల్వదు. జర రాస్కో."

రాసుకున్నాను. అప్పుడేమనాలో ఎవరికైనా తోస్తుందా? మధ్యాహ్నానికి స్టెంటు వేశారు. సాయంత్రం ఆఫీసులో పైవాడు అడిగింది ఒకటే: "ఎప్పటికి వస్తాడు?" మనిషి క్రూరుడని కాదు. అతని పైవాడు అతన్ని అదే ప్రశ్న అడిగి వుంటాడు. గొలుసు అలా అమెరికాదాకా పోతుంది. మధ్యలో ఎవరూ 'ఎలా వున్నాడు?' అని అడగరు.

ఆ కుర్రాడు బతికాడు. ఆ ఆఫీసు వదిలేసి తక్కువ జీతానికి ఇంకొకచోట చేరాడు. ఇప్పుడు పొద్దున్న ఇందిరా పార్కులో నడుస్తూ కనబడతాడు. "జీతం తగ్గింది గానీ అన్నా, మా పోరడు నన్ను గుర్తువడుతుండు" అన్నాడు మొన్న. నేనింతవరకు చదివిన ఏ మేనేజిమెంటు పుస్తకంలోనూ ఇంత మంచి వాక్యం లేదు.

లైబ్రరీ మెట్ల మీద

అశోక్ నగర్ గురించి చెప్పకపోతే ఈ కబుర్లు సగమే. పొద్దున్నే నేను మెట్రోకి పోయేటప్పుడు సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు పోయే కుర్రాళ్ళు, అమ్మాయిలు కనబడతారు. భుజాన సంచీ, చేతిలో నీళ్ళ సీసా, కళ్ళల్లో గ్రూప్ వన్. ఇరుకు హాస్టలు గది, అయిదు రూపాయలు చూసుకుని తినే టిఫిను, ఊళ్ళో అమ్మానాన్నల ఎదురుచూపు. 2024 అక్టోబరులో గ్రూప్ వన్ పరీక్షల గొడవప్పుడు ఆ వీధులన్నీ వాళ్ళ నినాదాలతో నిండిపోయాయి. 1981లో బాలచందర్ గారు 'ఆకలి రాజ్యం' తీస్తే హీరో నిరుద్యోగి. కమల్ హాసన్ పాత్ర ఆనాడు ఢిల్లీ వీధుల్లో తిరిగింది. ఇప్పుడైతే అశోక్ నగర్‌లోనే గది తీసుకునేది!

అశోక్ నగర్ కుర్రాడికి వుద్యోగం లేదన్న బెంగ. మాదాపూర్ కుర్రాడికి వుద్యోగం తప్ప మరేమీ లేదన్న బెంగ. ఒకరిని చూసి ఒకరు అసూయపడుతుంటారు. లైబ్రరీ కుర్రాడు మా మెడలో ట్యాగు చూస్తాడు. మావాడు వాడి చేతిలో పుస్తకం చూస్తాడు, ప్రభుత్వ వుద్యోగానికి అయిదింటికి గంట కొడతారు గదా అని! ఇద్దరూ కోరుకునేది నిజానికి ఒకటే. ఇంట్లో తలెత్తుకుని తిరిగే జీతం, సాయంత్రం ఇంట్లో వుండే మనిషి.

ప్యాకప్!

షూటింగులో నాకు బాగా నచ్చిన మాట 'స్టార్ట్ కెమెరా' కాదు, 'ప్యాకప్'. డైరెక్టరు ఆ మాట అనగానే మహామహా హీరో కూడా మేకప్ తుడుచుకుని మామూలు మనిషి అవుతాడు. మాకు ఆ మాట అనేవాడు లేడు. కనుక ఎవరికి వాళ్ళే అనుకోవాలి.

నేను పాటించేవి మూడే. రాత్రి ఎనిమిదికి ఆఫీసు ఫోను బీరువాలో పడుతుంది. నిజంగా కొంప మునిగితే ఇంటి నంబరుకి చేయమని చెప్పాను. చెప్పి చాలా కాలమైంది, కొంప రెండేసార్లు మునిగింది! రెండోది, తొమ్మిది లోపల తిండి ముగించి నారాయణగూడ దాకా నడిచి రావడం. మూడోది, పని మధ్యలో ఇరవై నిమిషాలకోసారి తలెత్తి ఇరవై అడుగుల దూరంలో వున్నదాన్ని ఇరవై సెకన్లు చూడడం. కళ్ళడాక్టర్లు చెప్పే సలహా ఇది. ఆ లెక్కన సినిమాహాలు కూడా మంచిదే, తెర దూరంగా వుంటుంది గనుక! ఇది మా ఆవిడ ఒప్పుకోని వైద్యం.

ఇంటర్వ్యూకి పోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. జీతమెంత అని అందరూ అడుగుతారు. మీరు ఇంకొకటి కూడా అడగండి: "సార్, మీరు రోజూ ఎన్నింటికి ఇంటికి వెళతారు?" ఎదుటివాడు తడుముకోకుండా జవాబు చెబితే చేరండి. పక్కవాడి మొహం చూశాడంటే, ఆ కంపెనీకి ఇంటర్వెల్ లేదని అర్థం. చేరక తప్పదా, చేరండి, ఇంటి అప్పులు నాకు తెలియనివి కావు. కానీ మీ కాల్షీటు మీరు రాసిపెట్టుకుని మరీ చేరండి.

సుదర్శన్ 70 ఎం.ఎం., ఓడియన్ పాత హాళ్ళు పడగొట్టారు. రీళ్ళు పోయాయి, ఆపరేటర్లు పోయారు. ఇంటర్వెల్ మాత్రం పోలేదు, చూశారా! వెనకటివాళ్ళు సినిమాకే విశ్రాంతి పెట్టారు, మనిషికి పెట్టుకోవడం మన చేతుల్లో పని.

ఇంతకీ మీ ఇంట్లో 'ప్యాకప్' చెప్పేది ఎవరు? అమ్మా, నాన్నా, శ్రీమతిగారా? కార్డు ముక్క రాయండి. మంచివి ఏరి వచ్చేవారం చెప్పుకుందాం. ఎనిమిదవుతోంది, బీరువా తలుపు తీశాను. సెలవు!